నాలుగు గళ్ళ నమ్మకం

సంభావ్యత క్లాసులో అతన్ని అందరూ "ఏమో" అని పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినబడేది కాదు. బస్సు వస్తుందా అంటే ఏమో, క్యాంటీను తెరిచారా అంటే ఏమో. ఆకలేస్తోందా అని అడిగినా ఒక్క క్షణం ఆగి, కడుపుతో సంప్రదించి వచ్చినవాడిలా, "ఏమో, వేస్తున్నట్టే ఉంది" అనేవాడు. వెక్కిరింతగా మొదలైన పిలుపు రెండో ఏడు వచ్చేసరికి ముద్దుపేరై కూర్చుంది. రెండో ఏడంటే, అదే క్లాసులో రెండో ఏడు. మొదటిసారి తప్పాడు. ఈసారి కూడా తప్పితే సీటు పోతుందని, ఇక ఇంట్లో కూర్చోవడమేనని ఆఫీసువాళ్ళు పిలిచి మరీ చెప్పారు.

లెక్కలు రాక తప్పాడనుకుంటే పొరపాటు. బోర్డు దగ్గరికి పిలిస్తే ఎంతటి లెక్కనైనా తడబడకుండా చేసి, సుద్దపొడి దులుపుకుని వచ్చి కూర్చునేవాడు. అతని చిక్కంతా ఆ క్లాసులో పరీక్ష పెట్టే పద్ధతితో.

ఆ పాఠం చెప్పే ఆయన్ని విద్యార్థులు తూకం మాస్టారు అనేవారు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు నడిచేవారు. ఆయన ప్రశ్నాపత్రంలో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుండేవి, పక్కనే నాలుగు గళ్ళు. సరైనదాని మీద టిక్కు పెట్టి ఊరుకుంటే ఒప్పుకునేవారు కారు. నీ దగ్గర నూరు పాళ్ళ నమ్మకం ఉంది, దాన్ని తూచి ఆ నాలుగు గళ్ళలో పంచు అనేవారు. సరైన జవాబు మీద ఎంత ఎక్కువ పెడితే అంత ఎక్కువ మార్కులు. తక్కువ పెడితే మార్కులు తిరిగి లాగేసుకుంటారు.

"సున్నా వేసే ముందు మాత్రం ఒకసారి ఆగండి," అని మొదటిరోజే చెప్పారు. "సున్నా అంటే, అది నిజమయ్యే దారే లేదని మీరు ఒట్టేసినట్టు. ఒట్టేసిన తర్వాత అదే నిజమైందనుకోండి, అడుగు లేని నూతిలో పడ్డట్టే. మిగతా పేపరు ఎంత బాగా రాసినా పైకి లాగలేం. కోర్సు మొత్తం పోతుంది. ఇంతవరకూ ఎవరూ పడలేదు. మీరూ పడకండి. ఆ మార్కు ఎలా వెయ్యాలో నాకు తెలీదు."

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. వాడూ రెండో ఏడే. ఏ ప్రశ్నకైనా కళ్ళు మూసుకుని తొంభై వేసి, మిగిలింది చిల్లరగా మూడు గళ్ళలో విదిలిస్తాడు కాబట్టి వాడి పేరు తొంభై.

"సార్, మరి భయమేసి నాలుగింటికీ పాతిక పాతిక వేస్తే?"

"నువ్వు పరీక్షకు వచ్చినట్టూ కాదు, రానట్టూ కాదు. నష్టం లేదు, లాభం లేదు."

"అయితే ఇంట్లో పడుకోవడమే మేలు కద్సార్. నిద్రన్నా దక్కుతుంది."

క్లాసంతా గొల్లున నవ్వింది. "ఏమో" ఒక్కడే నవ్వలేదు. కిందటేడు అతను చేసింది అదే. పేపరు మొదటి నుంచి చివరి దాకా పాతిక, పాతిక, పాతిక, పాతిక. చిత్తు కాగితం మీద లెక్క చేసేవాడు, జవాబు వచ్చేది, ఆ జవాబు నాలుగింటిలో కనబడేది కూడా. పెన్ను ఆ గడి మీదకు తీసుకువెళ్ళేవాడు. అప్పుడు లోపలినుంచి ఎవరో, కోపంగా కాదు, చాలా మర్యాదగా, "నీకెవరు చెప్పారు?" అని అడిగేవారు. లెక్క చెప్పింది అనడానికి నోరు రాదు. లెక్క చేసింది తనే కదా. తనను నమ్మమని తనే సాక్ష్యం చెప్పుకోవడం అతనికి దొంగపని చేస్తున్నట్టు ఉండేది. పెన్ను వెనక్కి వచ్చేది. పాతిక.

ఇంట్లో మాత్రం నమ్మకానికి కరువు లేదు. వాళ్ళ నాన్న ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మెకానిక్. తలుపు తీసి, చెవి ఆనించి, ఒక్క క్షణంలో తేల్చేసేవాడు. "కంప్రెసర్ పోయింది. నూటికి నూరుపాళ్ళు." చాలాసార్లు కంప్రెసరే పోయి ఉండేది. కొన్నిసార్లు గోడకున్న ప్లగ్గు ఊడి ఉండేది. అప్పుడు కూడా ఆయన గొంతు తగ్గేది కాదు. "నేనన్నానా, కరెంటు దగ్గరే ఉంది తిరకాసంతా" అని, తను మొదటినుంచీ అదే అన్నట్టు ప్లగ్గు పెట్టేవాడు.

"ఈసారి వీడు పాసు," అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర. "నూటికి నూరుపాళ్ళు."

"కిందటిసారీ ఆ మాటే అన్నారు," అంది అమ్మ, గిన్నె మూత పెడుతూ.

"కిందటిసారి పేపరు దిద్దినవాడిది తప్పు."

"మీరెప్పుడు తప్పారు కనక! వీడికి చిన్నప్పుడు జ్వరమొస్తే ఏమన్నారో గుర్తుందా?"

"తగ్గిందా లేదా?"

"తగ్గింది. ఆస్పత్రిలో."

అమ్మ ఆ మాట ఎప్పుడూ మామూలుగానే అనేది. కానీ ఆ జ్వరం అతనికి బాగా గుర్తుంది. మంచం పక్కన నిలబడి నాన్న, "మామూలు జ్వరం, రేపటికి తగ్గిపోతుంది, నూటికి నూరుపాళ్ళు" అన్నాడు. తగ్గలేదు. ఒళ్ళు కాలిపోతుంటే భుజాన వేసుకుని పరుగెత్తాడు. ఆస్పత్రి వరండాలో, గోడ వైపు చూస్తూ పడుకున్న కొడుకు చెవిలో మళ్ళీ, "ఇంక తగ్గిపోతుంది నాన్నా, నూటికి నూరుపాళ్ళు" అన్నాడు. ఈసారి తగ్గింది. రెండుసార్లూ ఒకటే మాట, ఒకటే గొంతు. నిజమైన మాటకూ కాని మాటకూ మధ్య వెంట్రుకవాసి తేడా వినబడలేదు. ఆ పిల్లవాడు ఆ తేడా కోసం చాలాకాలం చెవులు రిక్కించి విన్నాడు. పెద్దయ్యాక తన గొంతులోనూ అది వినబడలేదు. తండ్రి మీద కోపం లేదు. ఆయనంత గట్టిగా ఏదైనా అనగలిగితే ఎంత హాయిగా ఉండేదో అని కూడా అనిపించేది. అలా అనబోతే మాత్రం ఆస్పత్రి వరండాలోని ఫినాయిలు వాసన ముక్కుకు తగిలేది.

మధ్యలో ఒక చిన్న పరీక్ష అయ్యాక తూకం మాస్టారు అతన్ని గదికి రమ్మన్నారు. ఇనప బీరువా, మూతపడని కిటికీ, చప్పుడు చేసే ఫ్యాను, కుర్చీల మీద కూడా పేపర్ల కట్టలు. కూర్చోమన్నారు కానీ కూర్చోడానికి చోటు లేదు. ఒక కట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈసారి పాతికలు తగ్గించావు. సంతోషం. నలభైలు వేశావు."

"ధైర్యం చేశాను సార్."

"నువ్వు నలభై వేసిన ప్రశ్నలన్నీ విడిగా చూశాను. ఒక్కటీ తప్పలేదు." ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టారు. "నలభై నమ్మకం ఉన్నవాడు సగానికి పైగా తప్పాలయ్యా. తప్పకుండా నలభై నలభై అంటున్నావంటే నువ్వు అబద్ధం చెబుతున్నావన్న మాట."

"అబద్ధమా సార్?"

"ఉన్నది లేదనడం కూడా అబద్ధమే. లోపల ఎంత అనిపిస్తే అంత వెయ్యి. అంతే కదా నేనడిగేది."

"లోపల ఏమీ అనిపించదు సార్. జవాబు కనబడుతుంది. దాని పక్కన బరువు కనబడదు."

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. ఈ పద్ధతి పెట్టింది ఆయనే. ఏళ్ళ తరబడి, తెలియనిదాన్ని తెలుసంటూ రొమ్ము విరుచుకునే కుర్రవాళ్ళను చూసి, వాళ్ళ పొగరు దించడానికి పెట్టారు. వాళ్ళు మాత్రం రెండు దెబ్బలు తిని సర్దుకునేవారు, తొంభైలాంటివాళ్ళు సర్దుకోక ఒక ఏడు తప్పినా ఎలాగోలా గట్టెక్కేవారు. ఎదురుగా కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, నేరం చేసినవాడిలా కూర్చున్న ఈ మనిషిని ఆయన ఊహించలేదు.

"లెక్క నేర్పగలను. అది..." అని ఆగిపోయారు. "అది ఎలా నేర్పాలో నాకు తెలీదయ్యా."

"మరి నేనేం చెయ్యాలి సార్?"

"అదే ఆలోచిస్తున్నాను."

ఫ్యాను కింద ఇద్దరూ ఆలోచించారు. ఆలోచన తేలకముందే తర్వాతి క్లాసుకు గంట మోగింది. మాస్టారు సుద్దముక్క కోసం జేబులు తడుముకుంటూ లేచారు. అతను కట్టను తిరిగి కుర్చీలో పెట్టి బయటికి వచ్చాడు.

కార్డుల లెక్క వచ్చింది ఆ తర్వాతే. సంచిలో మూడు కార్డులున్నాయి. ఒకదానికి రెండు పక్కలా ఎరుపు, ఒకదానికి రెండు పక్కలా తెలుపు, మూడోది ఒక పక్క ఎరుపు, ఒక పక్క తెలుపు. చూడకుండా ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. పైకి ఎరుపు కనబడుతోంది. కింద దాగిన పక్క కూడా ఎరుపే అయ్యే అవకాశం ఎంత?

"సగం," అంది క్లాసంతా ఒకే గొంతుతో. తొంభై అయితే, "తొంభై వేస్తున్నా సార్, సగం మీద" అని అరిచాడు.

మాస్టారు అతని వైపు చూశారు. అతను లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి, కార్డుల్ని కాదు, పక్కల్ని లెక్కపెట్టాడు. ఎర్ర పక్కలు మొత్తం మూడు. ఆ మూడింటిలో ఏది మనకు కనబడుతోందో తెలీదు. రెండింటికి అవతల ఎరుపే ఉంది, ఒక్కదానికే తెలుపు. కాబట్టి సగం కాదు, మూడింట రెండు.

క్లాసు ఒప్పుకుంది కానీ తొంభై ఒప్పుకోలేదు. క్యాంటీను దగ్గర చొక్కా పట్టుకున్నాడు. "ఒరేయ్ ఏమో, తెల్ల కార్డు పోయింది. మిగిలినవి రెండే కదరా. రెండింట్లో ఒకటంటే సగం కాదా? నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నావా?"

మాటలతో లాభం లేదని అతను చెత్తబుట్టలోంచి బిస్కెట్ల అట్టపెట్టె తీసి, మూడు ముక్కలు చింపి, ఎర్ర పెన్నుతో రంగు పూశాడు. వాటిని తొంభై టోపీలో వేసి తీయించాడు. తియ్యి, బల్ల మీద పెట్టు, ఎరుపు కనబడితే తిరగెయ్యి. మళ్ళీ తియ్యి. వేళ్ళకు ఎర్ర సిరా అంటుకుంది. టీ చల్లారిపోయింది. చివరికి తొంభై నోరు తెరిచి, "అరే, ఎరుపే ఎక్కువొస్తోందిరోయ్" అన్నాడు. అతను అట్టముక్కల వంక చూస్తూ ఉండిపోయాడు. ఈ జవాబు పుస్తకం చెప్పింది కాదు, మాస్టారు చెప్పింది కాదు. తన చేతులతో చింపి, రంగు పూసి, కళ్ళతో చూసినది. "నీకెవరు చెప్పారు?" అన్న గొంతు కోసం లోపలికి చెవి పెట్టి విన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

పెద్ద పరీక్ష రోజు హాల్లో కూర్చున్నప్పుడు అతని ఒంట్లో చిత్రమైన తేలిక ఉంది. మొదటి ప్రశ్నకు అరవై వేశాడు. తర్వాతది డెబ్భై. గొంతు అడుగుతూనే ఉంది కానీ, పక్కగదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు దూరంగా ఉంది. పేజీ తిప్పాడు. సంచిలో మూడు కార్డులు.

ఇది తనది. ఎర్ర సిరా, చల్లారిన టీ, తొంభై తెరిచిన నోరు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. నాలుగు జవాబుల్లో 'మూడింట రెండు' అన్నది రెండో గడి పక్కన ఉంది. ఎనభై వేద్దామనుకున్నాడు. ఎనభై ఎందుకు? ఆ మిగిలిన ఇరవై ఎవరికి పంచాలి, ఏ ముఖం పెట్టుకుని? కళ్ళారా చూసినదాన్ని ఇంకా అనుమానించడం ఇక వినయం కాదు, పిరికితనం. మాస్టారు అబద్ధమన్నది దీన్నే కదా. పెన్ను గడిలోకి దిగింది. నూరు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. మిగతా మూడు గళ్ళలో సున్నాలు పెట్టాడు. చాలా చిన్నగా, గట్టిగా గీస్తే ఎవరికైనా వినబడుతుందేమోనన్నట్టు పెట్టాడు. తల ఎత్తి కిటికీ వైపు చూశాడు. వాళ్ళ నాన్న ఇన్నేళ్ళూ ఈ సుఖంలోనే బతుకుతున్నాడా అనిపించి, ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

బయటికి వచ్చాక మెట్ల మీద తొంభై ఎదురయ్యాడు.

"చూశావా, కార్డుల లెక్కలో మాస్టారు ఎంత మెలిక పెట్టాడో?"

"మెలికా?"

"బల్ల మీద పెట్టడం ఎక్కడుందిరా అందులో? ఒక మనిషి కార్డు తీసుకుని, రెండు పక్కలా తిప్పి చూసుకుని, ఒక పక్కైనా ఎరుపుందని మనకు చెప్పాడు. మనకేమీ కనబడలేదు. నువ్వు నేర్పినట్టు కనబడే పక్కను లెక్కపెడదామని కూర్చున్నానా, కనబడే పక్కే లేదాయె! అప్పుడు వెలిగింది. రెండెరుపుల కార్డైనా అలాగే చెబుతాడు, ఎరుపు తెలుపు కార్డైనా అలాగే చెబుతాడు. రెండింట్లో ఒకటి. ఈసారి సగమే! తొంభై కొట్టా." వాడు అతని భుజం చరిచాడు. "నీ పుణ్యమేరా. నువ్వెంత వేశావు?"

అతను మెట్టు మీద కూర్చున్నాడు. లెక్క మళ్ళీ చేసుకోవలసిన పని కూడా లేకపోయింది. తొంభై చెబుతుండగానే అద్దంలో చూసినట్టు కనబడింది. మొదటి వాక్యం చదివి, మిగతావాటి మీదుగా తన కళ్ళు జారిపోయాయి. తెలియనివాడైతే చివరిదాకా చదివేవాడు. తెలిసినవాడు కాబట్టి చదవలేదు.

"నూరు," అన్నాడు.

తొంభై నవ్వబోయి, అతని ముఖం చూసి ఆపేశాడు. "నువ్వా? నూరా? ఊరుకో." కాసేపాగి, "మిగతావి ఖాళీగా వదిలావా, సున్నాలు పెట్టావా?" అని మెల్లగా అడిగాడు.

"సున్నాలే."

తొంభై పక్కన కూర్చుని, చేతిలో టోపీని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

ఫలితాలకు ముందు తూకం మాస్టారి క్లాసులో ఒక తతంగం ఉంది. విద్యార్థుల ఒకట్లు ఏడుల్లా, ఏడులు ఒకట్లలా ఉండడం చూసి విసిగిపోయి, ఒక్కొక్కరినీ గదికి పిలిచి, ఎవరి తూకాలు వాళ్ళ ముందే పైకి చదివేవారు. విద్యార్థి అవును అంటే అవును, అది ఏడు సార్ అంటే ఏడు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ ప్రశ్న మొత్తాన్ని కొట్టేసి, మిగతావాటికే మార్కులు వేసేవారు. గది దాటాక మాత్రం ఎవరూ ఏమీ మార్చడానికి లేదు.

ఆ రోజు వరకు అతను ఇంట్లో చెప్పలేదు. చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా నాన్న ఎవరో ఒకరితో "మావాడిది ఈ ఏటితో గట్టెక్కినట్టే" అంటూ ఉండేవాడు. పరుగెత్తి వెళ్ళి ఆ మాటను మధ్యలో పట్టుకోవాలనిపించేది. చేతులు రాలేదు.

గదిలోకి వెళ్ళేసరికి మాస్టారు అతని పేపరు ముందు పెట్టుకుని ఉన్నారు. కుర్చీ మీది కట్టలు ముందే తీసేసి ఉన్నాయి. చదవడం మొదలుపెట్టారు. అరవై. అవును సార్. డెబ్భై. అవును సార్. పేజీ తిప్పి, ఆగారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"రెండో గడిలో నూరు. అది స్పష్టంగానే ఉంది." ఆయన అతని వైపు చూడలేదు. "మిగతా మూడు గళ్ళలో ఏమున్నాయో నాకు సరిగా కనబడడం లేదు. చుక్కల్లా ఉన్నాయి. పెన్ను ఆనించి తీస్తే పడతాయే, అలాగ."

అతను వంగి చూశాడు. నిజంగానే చుక్కల్లా ఉన్నాయి. నువ్వుగింజలకన్నా చిన్నవి.

"ఖాళీ గళ్ళయితే ప్రశ్న కొట్టేస్తాను. మిగతా పేపరుతో నువ్వు పాసు. బాగానే పాసు. సున్నాలయితే..." ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. "నేను చెప్పకూడదు. నువ్వే చెప్పాలి. ఇవేమిటి?"

ఇది తప్పించుకునే దారి అని ఇద్దరికీ తెలుసు. ఆయన పద్ధతిని ఆయన తప్పడం లేదు, అడుగుతున్నారు అంతే. సున్నాలు సార్, అనుకున్నాడు అతను. అవి సున్నాలే. ఆ చిన్న గుండ్రటి మలుపు మూడుసార్లు తిప్పిన చెయ్యి ఇదే. జీవితంలో ఒక్కసారి ఒక్కదాన్ని పూర్తిగా నమ్మాను, అది తప్పయింది, కానీ నమ్మడం మాత్రం నిజం. ఆ ఒక్కటీ నాది సార్, దాన్ని తీసెయ్యకండి. ఇంత మాటా గొంతు దాకా వచ్చింది. దాని వెనకాలే అమ్మ గిన్నె మూత పెట్టే చప్పుడు వచ్చింది, ఆఫీసువాళ్ళు చెప్పిన మాట వచ్చింది, రేపు పొద్దున ఎవరి ఫ్రిజ్ ముందో నిలబడి ఫోనెత్తబోయే నాన్న ముఖం వచ్చింది. వీటన్నిటి మధ్యలోంచి, చాలారోజుల తర్వాత, ఆ మర్యాదైన గొంతు దగ్గరగా వినబడింది. నీకెవరు చెప్పారు అవి సున్నాలని?

"చుక్కలు సార్."

"సరిగ్గా చూసి చెప్పు. తర్వాత మార్చడానికి ఉండదు."

"చుక్కలే సార్. పెన్ను ఆనింది."

మాస్టారు ఎర్ర పెన్నుతో ఆ ప్రశ్న మీద అడ్డంగా గీత గీశారు. గీశాక ఇద్దరిలో ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు. ఆయన ఇంకేదో అనబోయి, "ఆ రోజు బోర్డు దగ్గర బాగా చెప్పావయ్యా" అన్నారు. ఆ మాట ఎందుకన్నారో ఆయనకే తెలియనట్టు వెంటనే పేజీ తిప్పేశారు. మిగతా తూకాలన్నిటికీ అవును సార్, అవును సార్ అన్నాడు. తర్వాతివాణ్ణి పంపమన్నారు.

వరండాలో తొంభై గోడకు ఆనుకుని ఉన్నాడు. "ఏమైందిరా?"

"పాసట."

"ఎలా? నూరు వేశానన్నావు కదా, సున్నాలు పెట్టానన్నావు?"

"పెట్టలేదట."

తొంభై అతని ముఖంలోకి చూసి లోపలికి వెళ్ళాడు.

ఇంటికి వచ్చి చెప్పగానే అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకోవడం కూడా మరిచిపోయి అతని తల పట్టుకుంది. నాన్న కేకలేస్తూ ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ప్రతి ఫోనులోనూ కొడుకు ఒక మెట్టు పైకెక్కుతున్నాడు. మొదటి ఫోనులో పాసయ్యాడు, తర్వాత బాగా పాసయ్యాడు, చివరికి మాస్టారే పిలిచి మెచ్చుకున్నారు. ఆ చివరిది అబద్ధమూ కాదు. అతను మంచం అంచున కూర్చుని కుడిచెయ్యి చూసుకుంటున్నాడు. పరీక్ష హాలు గుర్తు తెచ్చుకుంటున్నాడు. కిటికీ గుర్తొచ్చింది. నూరు రాసిన పెన్ను గుర్తొచ్చింది. ఆ తర్వాత మూడో గడి దగ్గర పెన్ను కాగితానికి ఆనింది, అక్కడిదాకా స్పష్టంగా ఉంది. ఆనిన తర్వాత తిరిగిందా? తిరిగిందనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఎంత దగ్గరికెళ్ళి చూసినా ఆ మలుపు కనబడడం లేదు. చుక్క దగ్గర బొమ్మ ఆగిపోతోంది. మళ్ళీ మొదటినుంచి చూశాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇదిగో, మీ బాబాయి. నీతోనే మాట్లాడతాట్ట," అని నాన్న ఫోను అతని చెవికి ఆనించాడు.

"శభాష్‌రా అబ్బాయ్!" అన్నాడు బాబాయి అవతలినుంచి. వెనకాల ట్రాఫిక్ హోరు. "మీ నాన్న చెబుతుంటే ఒళ్ళు పులకరించింది. అంత గట్టి పేపరుట కదా? నిజం చెప్పు, తెలిసే రాశావా, గుడ్డిగా ఏదో పెట్టేసి వచ్చావా?"

సరదాకి అడిగిందే. జవాబు కూడా సరదాగా ఏదో ఒకటి చెబితే సరిపోయేది. నాన్న ఎదురుగా నిలబడి, చెప్పు చెప్పు అని రెండు చేతులూ ఊపుతున్నాడు, ముఖమంతా వెలుగు. అమ్మ నవ్వుతూ చూస్తోంది. అతను నోరు తెరిచాడు.

"హలో?" అన్నాడు బాబాయి. "ఒరేయ్, ఉన్నావా? హలో... అన్నయ్యా, ఏమీ వినబడ్డం లేదే."